కోనసీమలో ఒక మండువా లోగిలి: వయసు తేల్చాం, చెమ్మ సగం దించాం

"మూడొందల ఏళ్ళ ఇల్లండి. పడగొట్టమంటారా, ఉంచమంటారా?" ఫోన్లో ఆయన అడిగిన మొదటి మాట ఇది. రెండోది, "చూడ్డానికి ఎంత తీసుకుంటారు?"

పి.గన్నవరం అక్విడక్టు (గోదారి పాయమీదుగా కాలవని దాటించే వంతెన) దాటి కాలవగట్టు పట్టుకుని వెళ్తే వచ్చే చిన్న ఊరు. ఊరి పేరు, ఇంటిపేరు రాయొద్దని ఇంటివాళ్ళు కోరారు కాబట్టి రాయడం లేదు. ఫోన్ చేసినాయన హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి అక్కడే రిటైరయ్యారు. పిల్లలు అమెరికాలో. ఊళ్ళో ఇల్లు కనిపెట్టుకుని ఉన్నది 86 ఏళ్ళ వాళ్ళమ్మగారు, ఆవిడకి తోడుగా దొడ్డివైపు రెండు గదుల్లో ఒక పాలేరు కుటుంబం. గోడలు అడుగునుంచి పెచ్చులూడిపోతున్నాయి. ఒక ఇంజనీరు వచ్చి చూసి "గోడల ఆయుష్షు అయిపోయింది" అని తేల్చేశారు. ఆ వెనకాలే పాత సామాను కొనే వ్యాపారి ఒకాయన వచ్చి, మండువా చుట్టూ ఉన్న టేకు స్తంభాలకీ సింహద్వారానికీ కలిపి రేటు చెప్పి, అడ్వాన్సు కూడా ఇస్తానన్నాడట. హైదరాబాద్ హోటళ్ళలో ఇప్పుడు మా కోనసీమ గుమ్మాలు చాలానే కనిపిస్తాయి. అవి ఎలా అక్కడికి చేరాయంటే ఇలాగే.

నేను చేసేది పాత ఇళ్ళ మరమ్మతు. టేపు తీసేముందు ఇంటి చరిత్ర అడగడం నాకు అలవాటు. కొందరికి అది కాలక్షేపంలా కనబడుతుంది. ఏ గోడ ఏ సరుకుతో కట్టారో, ఆ సరుకు ఎక్కణ్ణించి ఏ దారిన వచ్చిందో, తర్వాత ఎవరెవరు దానిమీద ఏమేం పూశారో తెలియకుండా మందు వేస్తే రోగం ముదురుతుంది. ఈ ఇంటి విషయంలో అది అక్షరాలా జరిగింది.

వీధివైపు రెండు అరుగులు, మధ్యలో సింహద్వారం. లోపలికి వెళ్తే నాలుగువైపులా వసారా, నడుమ ఆకాశం కనబడే మండువా. నాలుగు చూరుల వాననీళ్ళూ అందులోనే పడి, ఒక తూము గుండా దొడ్లోకి పోవాలి. తూర్పున నట్టిల్లు, పడమట పడమటిల్లు, దానిపైన అటక, వెనక వంటిల్లు, ఆపైన దొడ్డి, నుయ్యి. గోడల మందం అడుగున్నర. లోపల ఇటుకా బురదమట్టీ, పైన సున్నం పూత. అంటే, ఒకప్పుడు సున్నం పూత.

వయసు

ముందు మూడొందల ఏళ్ళ సంగతి. "వలందుల కాలంలో కట్టారంటారండి" అన్నారు ఇంటాయన. పాలకొల్లులో వలందుల, అంటే డచ్చివాళ్ళ, వర్తకస్థావరం ఉండేదన్న మాట నిజం. దాన్ని పట్టుకుని మా వైపు లావుపాటి గోడ కనబడితే చాలు, వలందులకి అంటగట్టేస్తారు. వీడియో కాల్‌లో ఉన్న మనవడు మాత్రం ఇంకో లెక్క చెప్పాడు. అటక ఎక్కి ఎవరో తీసి పంపిన పెంకు ఫొటోలో "బాసెల్ మిషన్" అన్న ముద్ర, పక్కన 1865 అన్న అంకె ఉన్నాయి. "సార్, ప్రూఫ్ ఉంది, 1865!"

ఆ అంకె చాలామందిని మోసం చేసింది, మొదట్లో నన్ను కూడా. 1865 అనేది బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్ళు మంగుళూరు దగ్గర పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం. సబ్బు మీద కంపెనీ పుట్టిన ఏడాది వేసినట్టు పెంకుమీదా వేసుకున్నారు, అంతే. పెంకు నిజంగా చెప్పే సంగతి వేరు. మొదటి ప్రపంచయుద్ధంతో ఆ జర్మన్, స్విస్ మిషన్ వ్యాపారం బ్రిటిష్ ప్రభుత్వం చేతికి చిక్కి, తర్వాత కామన్వెల్త్ ట్రస్టు కిందికి వెళ్ళిపోయింది. కాబట్టి మిషన్ పేరుతో ఉన్న పెంకు యుద్ధం నాటికే తయారై ఉండాలనుకోవడం సబబు. అయినా పెంకు చెప్పేది కప్పు వయసే, గోడ వయసు కాదు. పాత గోడమీద కొత్త కప్పు వేసుకోవడం మామూలే. అందుకని వాసాలు చూశాను. తాటి వాసాలమీద పెంకుల్ని మోసే కర్రబద్దలు బిగించిన మేకుల గుర్తులు ఒక్క వరసే ఉన్నాయి. అంతకుముందు తాటాకు కట్టిన ఒరిపిడి గానీ, వేరే కొలతల బద్దలు కొట్టిన చిల్లులు గానీ లేవు. ఈ వాసాలు మొదటినుంచీ ఈ పెంకునే మోశాయి.

వసారాలో ఒకచోట స్తంభం లేకుండా ఇనుప దూలం వేశారు. దాని నడుముమీద రంగుల పొరల కింద అక్షరాలు తగిలాయి. గీకితే "డార్మన్ లాంగ్, మిడిల్స్‌బరో, ఇంగ్లండ్". ఈ ముద్ర మన రైల్వే స్టేషన్లలో, పాత బజారు మేడల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. కంపెనీ పుట్టింది 1870ల్లో. అంటే వలందులు అక్కడితో సెలవు తీసుకున్నారు.

ఆ తర్వాత కాగితాలు. మామ్మగారు పడమటిల్లు తాళం తీసి భోషాణంలోంచి ఒక రేకుపెట్టె తెప్పించారు. అందులో రెండు పనికొచ్చాయి. ఒకటి ఈ స్థలం కొన్న క్రయ దస్తావేజు. ఎడ్వర్డ్ రాజు తలకాయ ఉన్న స్టాంపు కాగితం, కీలక నామ సంవత్సరం, 1908. అందులో స్థలాన్ని వర్ణిస్తూ "తాటాకు ఇల్లున్నూ, పాత నుయ్యిన్నూ" అని ఉంది. రెండోది అన్నదమ్ములు పంచుకున్న పారీఖత్తు, రిజిస్టరు కానిది. పై భాగం చెద తినేసింది, ఇంగ్లీషు తేదీ పోయింది. మిగిలిన దాంట్లో "ఆనంద నామ సంవత్సర" అన్నమాటా, "గోదావరి జిల్లా" అన్నమాటా, "మండువా పెంకుటిల్లు" అన్నమాటా ఉన్నాయి. ఆనంద అరవై ఏళ్ళకోసారి వస్తుంది: 1854, 1914, 1974. స్టాంపుమీద ఉన్నది జార్జి రాజు కాబట్టి 1854 కాదు. స్వతంత్రం వచ్చాక స్టాంపుమీద రాజు ఉండడు కాబట్టి 1974 కాదు. గోదావరి జిల్లాకి తూర్పు గోదావరి అన్న పేరు వచ్చింది 1925లో, అదీ సరిపోయింది. 1914 ఉగాదికీ 1915 ఉగాదికీ మధ్య రాసిన కాగితమన్నమాట. తాటాకిల్లు 1908లో ఉంది, పెంకుటిల్లు 1914-15 నాటికి లేచింది. ఏడేళ్ళ సందు దొరికింది.

నాకు అది చాలు. సంబరంగా చెప్తుంటే మామ్మగారు మధ్యలో అందుకున్నారు.

"పరీధావిలో కట్టారు బాబూ."

"మీకెలా తెలుసండి?"

"మా మావగారు పుట్టిన ఏడే గృహప్రవేశం. బాలింతరాలు ఈ పడమటింట్లోనే పడుకుందిట. గోడ ఇంకా ఆరలేదని మంచంకింద కుంపటి పెట్టారని మా అత్తగారు చెప్పేది. ఆయన జాతకం ఆ పెట్టెలోనే ఉంటుంది, చూడు."

ఉంది. పరీధావి, ఫాల్గుణం. అంటే 1913 మొదట్లో. నేను పెంకులు, దూలాలు, రాజుల తలకాయలు తిరగేసి పట్టుకున్న ఏడేళ్ళ సందు లోపలే. "ఇన్నాళ్ళూ చెప్పలేదేమమ్మా" అని కొడుకు అంటే, "నన్నెవరడిగారురా" అన్నారావిడ. మూడొందల ఏళ్ళని చెప్పిందల్లా అరుగుమీద కూర్చునే మగవాళ్ళు. ఇల్లు కట్టడం, పురుడు, తద్దినం అన్నీ కలిపి గుర్తుపెట్టుకున్నది లోపలి ఆడవాళ్ళు. ఈ పనిలో ఇది నాకు చాలాసార్లు ఎదురైంది, అయినా ప్రతిసారీ ముందు వీధిలోనే అడుగుతాను.

మూడొందల మాట ఎక్కణ్ణించి పుట్టిందో కూడా ఆ దస్తావేజే చెప్పింది. 1908 నాటికే నూతిని "పాత నుయ్యి" అని రాశారు. ఆ నూతి ఒరలూ పైన కట్టిన సన్నటి ఇటుకలూ ఇంటివి కావు, వేరే కొలత. ఊళ్ళోవాళ్ళ మాటలో నూతి వయసు ఇంటికి అంటుకుంది.

తాటాకులోంచి పెంకులోకి ఒక్క దాటులో ఎలా వెళ్ళారన్నది ఊరి చరిత్ర. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. గోదారి పాయమీదుగా కాలవని ఇవతలికి తెచ్చిన గన్నవరం అక్విడక్టు కూడా ఆ వెంటనే, 49 కమానులతో. కాటన్ దొర కాలవలు పంటకి నీళ్ళే కాదు, సరుక్కి దారి కూడా. లాకులు దాటించుకుంటూ పడవ ఇంటి గుమ్మం దాకా వచ్చేది. ఈ ఇంటి టేకు భద్రాచలం అడవుల్నించి తెప్పలు కట్టి గోదాట్లో దిగిన రకం. పెంకులూ ఇనుప దూలమూ పడవమీద వచ్చాయని మామ్మగారి అత్తగారి మాట. సముద్రం దగ్గర కాబట్టి సున్నానికి గుల్లలు. రెండు తరాలు ధాన్యం అమ్ముకున్నాక, వేసవిలో ఒక నిప్పురవ్వకి వీధి వీధంతా తగలబడే తాటాకు బతుకునుంచి ఒక్కో కుటుంబం పెంకులోకి మారింది. ఇదే వీధిలో ఇలాంటివి ఏడు ఇళ్ళు ఉండేవట. ఇప్పుడు రెండు.

జబ్బు

వయసు నూట పదేళ్ళ పైచిలుకేనని తేలాక అసలు ప్రశ్న మిగిలింది. ఇటుక గోడకి అదేమంత వయసు? దీనికి ఆయుష్షు ఎందుకు అయిపోయింది?

మండువా స్తంభం ఒకదానిమీద మోకాలెత్తులో ఉలితో గీసిన గీత ఉంది, పక్కన "86". 1986 ఆగస్టు గోదారి వరద. అప్పుడు నీళ్ళు ఇంట్లో మూడు రోజులు నిలిచాయి. "మరి గోడలు?" అనడిగాను. "సంక్రాంతికి ఆరిపోయాయి. సున్నం కొట్టించాం" అన్నారు మామ్మగారు. మోకాలెత్తు నీళ్ళలో నానిన గోడ అయిదు నెలల్లో ఆరింది. వరదే లేని ఇప్పుడు అదే గోడ ఛాతీ ఎత్తు దాకా తడిగా ఉంది. ఈ రెంటి మధ్య ఏం జరిగింది?

1996 నవంబరు తుఫాను జరిగింది. కోనసీమలో కొబ్బరిచెట్లు పడుకున్న రాత్రి. ఈ ఇంటి పెంకులు సగం లేచిపోయాయి, పూతలు రాలాయి. తర్వాతి ఏడాది మరమ్మతులో గోడలకి లోపలా బయటా సిమెంటు పూత వేయించారు, "గట్టిగా ఉంటుందని". దానిమీద ప్లాస్టిక్ పెయింటు. ఇంకో పదేళ్ళకి వసారాకి టైల్స్, మండువాకి కూడా. ఆ పనిలో తూము మూసుకుపోయింది. నీళ్ళు నిలుస్తున్నాయని మండువామీద ఫైబరు షీటు కప్పేశారు. ఇవతల వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా పైన వేస్తూ వచ్చారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్ళే అరుగు ఇప్పుడు రోడ్డుకి ఒక్క మెట్టు ఎత్తు. ఒక్కోటీ విడిగా చూస్తే ఎవరిదీ తప్పు కాదు.

గోడ దీపం వత్తిలాంటిది. కింద నేలలో తడి ఉంటే పైకి పీల్చుకుంటుంది, ఆ తడి గాలికి ఎగిరిపోతూ ఉంటుంది. పీల్చేదీ ఎగిరేదీ సమానమైన ఎత్తులో చెమ్మ ఆగుతుంది. సున్నం పూతకి సన్నటి రంధ్రాలుంటాయి, తడిని వదిలేస్తుంది. సిమెంటు పూత వదలదు. ఎగిరే దారి మూసేస్తే చెమ్మ ఇంకా పైకి ఎక్కి దారి వెతుక్కుంటుంది. దాంతోపాటు నేలలోని ఉప్పూ ఎక్కుతుంది. ఆ ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి, ఉబ్బి, ఇటుకని లోపల్నించి పొడి చేస్తుంది. సిమెంటు పైకి గట్టిగానే ఉంటుంది. వేలితో కొడితే డప్పు మోగినట్టు మోగుతుంది.

మొదటి పెచ్చు ఊడదీసినప్పుడు మా మేస్త్రి దాని వెనక అంటుకున్న తెల్లటి నూగు గోటితో గీరి నాలికమీద వేసుకున్నాడు. "ఉప్పేనండి. పప్పులో వేసుకోవచ్చు." వెనక ఇటుక ఉండాల్సిన చోట ఎర్రటి పొడి జారింది, దోసిలి నిండా. పక్కనే రెండడుగుల పైన, సిమెంటు తగలని అటక గోడలో 1913 నాటి ఇటుక గంట మోగినట్టు మోగింది.

పెన్సిలుతో చెమ్మ గీత గీసి తేదీ వేశాం. దక్షిణపు గోడమీద 5 అడుగుల 2 అంగుళాలు. కంటికి కనబడేదే నమ్మకుండా, అడుగడుగుకీ చిన్న చిల్లు వేసి ఇటుక పొడి తీసి, తూచి, ఎండబెట్టి మళ్ళీ తూచాం. గీత అబద్ధం చెప్పలేదు.

చేసింది, చెడగొట్టింది

ఫైబరు షీటు మొదటిరోజే దింపించాను. మామ్మగారు మండువాలో నిలబడి పైకి చూశారు, ఏమీ అనలేదు. మండువా టైల్స్ పగలగొట్టి తూము వెతకడానికి రెండు రోజులు పట్టింది. ఇంటాయన చూపించిన చోట లేదు, ఈశాన్యం మూల ఉంది. అందులోంచి తట్టెడు మట్టీ, ఒక ఇత్తడి గ్లాసూ వచ్చాయి. రోడ్డు తగ్గించడం మన చేతుల్లో లేదు కాబట్టి అరుగు పక్కనే గోడపొడుగునా సన్నటి కాలవ తవ్వి, గులకరాళ్ళు నింపి, చివర పంచాయతీ కాలవలో కలిపాం. ఆ కాలవ తవ్వేటప్పుడు అరుగు మీద ఉన్న పాత ఎర్రగచ్చు ఒక చాప వెడల్పున పగిలింది. అది మా అజాగ్రత్త. అతికించాం గానీ రంగు కలవలేదు, ఎప్పటికీ కలవదు.

సిమెంటు పూత లోపలా బయటా ఆరడుగుల ఎత్తు దాకా ఊడదీయించాం. సుత్తి వద్దు, ఉలి పడుకోబెట్టి తియ్యమని రోజూ చెప్పాల్సి వచ్చింది. పొడైపోయిన ఇటుకల్ని ఒక్కొక్కటీ తీసి, ఊళ్ళోనే పడగొట్టిన ఇంకో మండువా ఇంటి ఇటుక కొనుక్కొచ్చి పెట్టాం. ఆ ఇల్లు పోయినందుకు బాధపడుతూనే దాని ఇటుక దొరికినందుకు సంతోషించాను, దాచడమెందుకు.

సున్నం దగ్గర నెల పోయింది. బజార్లో సంచుల్లో దొరికే పొడి సున్నం ఎన్నాళ్ళు గాలి తగిలి ఉందో తెలియదు, పూతకి పనికిరాదు. కాల్చిన గుల్లలు తెప్పించి, దొడ్లో గుంట తవ్వి, నీళ్ళుపోసి చల్లార్చి, జల్లించి, నీళ్ళకింద నానబెట్టాం. వెన్నలా అయ్యాక ఇసక కలిపి నూరడానికి గానుగ కావాలి. ఎద్దు తిప్పే రాతి గానుగ చుట్టుపక్కల ఎక్కడా మిగల్లేదు, మరతోనే కానిచ్చాం. కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ పైపూతలో మాత్రమే కలిపాం. పాతవాళ్ళు అన్ని పూతల్లోనూ కలిపేవారని చెప్పేవాళ్ళున్నారు. ఉప్పుపట్టిన గోడకి తీపి పోయడం నాకు ఇష్టంలేదు, చీమలు కూడా ఊరుకోవు.

ఇక పెద్ద పొరపాటు. ఆ జ్యేష్ఠంలో ఇంట్లో ఒక శుభకార్యం పెట్టుకున్నారు. నట్టింటి గోడ ఒక్కటైనా అందంగా కనబడాలన్నారు. సిమెంటు తీసిన గోడని కనీసం ఒక ఎండాకాలం ఊరికే వదిలెయ్యాలి, లోపలి ఉప్పు బయటికి రావాలి. నాకు తెలుసు. అయినా మొహమాటానికి పోయి పూత వేయించాను. పెళ్ళివారు మెచ్చుకున్నారు. శ్రావణానికి కిందినుంచి రెండడుగులు అప్పడంలా లేచి ఊడింది. మళ్ళీ తీసి, ఈసారి ఇసక ఎక్కువ, సున్నం తక్కువ వేసి పలచటి పూత వేశాం. అది నిలవడానికి కాదు, ఉప్పుని తాగి రాలిపోవడానికి. మా మేస్త్రి దానికి "బలిపూత" అని పేరు పెట్టాడు. రెండుసార్లు అది రాలాకే అసలు పూత పడింది. ఆ రెండోసారి కూలి నేనే పెట్టుకున్నాను.

మేస్త్రుల సంగతి ఒకటి చెప్పాలి. వచ్చిన నలుగురిలో సున్నం పూత చేసిన చెయ్యి ఒక్కటే, అదీ చిన్నప్పుడు తండ్రి దగ్గర. మిగతా ముగ్గురూ సిమెంటు చేతులే. సిమెంటు రుద్ది సాయంత్రానికి వదిలేయొచ్చు. సున్నం పూత రోజులు తరబడి తడుపుతూ, పగుళ్ళు తాపీతో నొక్కుతూ కూర్చోవాలి. గాలిని తాగుతూ మెల్లగా గట్టిపడుతుంది. మూడోరోజుకి ఒకతను "ఇది పూత కాదండి, పసిపిల్ల" అని విసుక్కున్నాడు. రోజుకూలి కాకుండా గోడలెక్కన మాట్లాడుకోవడం నేను చేసిన ఇంకో తప్పు. గోడలెక్క ఇస్తే ఎవరికైనా తొందరే.

రెండు వానాకాలాలు దాటాక మొన్న దసరాకి వెళ్ళి కొలిచాను. దక్షిణపు గోడమీద గీత 2 అడుగుల 7 అంగుళాలకి దిగింది. నట్టిల్లు, పడమటిల్లు దాదాపు అంతే. ఉత్తరపు గోడమాత్రం నాలుగడుగుల దగ్గర మొండికేసింది. ఆ పక్కింటివారి స్నానాల నీళ్ళు ఆ గోడ మొదట్లోకే ఇంకుతున్నాయి. వాళ్ళతో ఇంటాయన మాట్లాడాలి, మూడేళ్ళుగా మాటల్లేవట. అది నా టేపుకి అందే సంగతి కాదు. మిగిలిన రెండున్నర అడుగులూ పూర్తిగా పోతాయని కూడా నేను ఎవరికీ చెప్పలేదు. కోనసీమలో రెండు పారలు తవ్వితే నీళ్ళు పడతాయి, ఏ గోడకైనా కాళ్ళు తడిగానే ఉంటాయి. రెండుమూడేళ్ళకోసారి అడుగు పూత తీసి మళ్ళీ వేసుకోవాలి. ఆ లెక్క, సున్నం పాళ్ళతో సహా, కాగితంమీద రాసి రేకుపెట్టెలో పారీఖత్తు పక్కన పెట్టించాను.

వ్యాపారికి అడ్వాన్సు వెనక్కి ఇవ్వాల్సిన పని పడలేదు, మామ్మగారు ముందే తీసుకోనివ్వలేదు. సింహద్వారం పక్కన గోడమీద చిన్న పలక పెట్టాలని ఇంటాయన ముచ్చటపడ్డారు. "1913" అని రాయిద్దామన్నాను. ఆయనకి ఇంకా ఆ మూడొందల మీద కొంచెం బెంగ ఉంది, మొహంలో తెలిసిపోతోంది. మామ్మగారు వసారాలోంచే తేల్చేశారు: "పరీధావి అని రాయించు. ఆ మూడొందలేవో నూతి దగ్గర రాసుకోండి."